అడిగినప్పుడు చెప్పు

చిన్నా,

నీ ఉత్తరం చదివాను. దేవుడి గురించి మాటామాటా పెరిగి, నమ్మకం లేని నీ స్నేహితుడు వారం నుంచి ఫోన్ ఎత్తట్లేదట. "నేనన్న దాంట్లో తప్పేముంది పెద్దమ్మా?" అని అడిగావు. అన్న మాట సంగతి తర్వాత చూద్దాం. అతని ఉద్యోగం పోయిన రోజే ఎందుకన్నావురా?

నేనూ చేశానులే ఆ పని. నా చిన్ననాటి స్నేహితురాలికి దేవుడంటే నమ్మకం లేదు. భర్త పోయిన మూడో రోజున వెళ్ళి, చెయ్యి పట్టుకుని, "అంతా పైవాడి లీల, ఆయన దగ్గరికే చేరుకున్నారు" అన్నాను. తను ఏమీ అనలేదు. నా చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసేసుకుని, ఒళ్ళో ఉన్న ఆయన కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచింది. ఓదార్చడానికని వెళ్ళి నా నమ్మకం వినిపించి వచ్చానని ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

ఆ తర్వాత ఏడాదిపాటు నేనా ఊసెత్తలేదు. ఒకరోజు తనే అడిగింది, "నీకు నిజంగా ఎవరో వింటున్నట్టు ఉంటుందా?" అని. "అన్నివేళలా ఉండదు. కొన్ని తెల్లవారుజాముల్లో మాత్రం ఉంటుంది" అన్నాను. ఆ సాయంత్రం చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. తను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు. నాకు ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రాత్రులు నా మంచం పక్కన మేలుకుని కూర్చున్నది మాత్రం తనే. అందుకే "దేవుడంటే భయం లేనివాడికి నీతేముంటుంది" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. నీ నోట రానివ్వకు.

గీత చదువుతున్నానన్నావు కదా, పద్దెనిమిదో అధ్యాయం తియ్యి. అర్జునుడికి అంత చెప్పాక 63వ శ్లోకంలో కృష్ణుడు "యథేచ్ఛసి తథా కురు" అంటాడు. బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమని. 67వ శ్లోకంలో, వినాలని లేనివాడికి ఇది చెప్పొద్దంటాడు. ఈ రెండూ మనకి కంఠతా వచ్చు, వాదన మొదలవగానే మర్చిపోతాం. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకీ తెలియదేమో అంటూ ముగుస్తుంది. వేదమే "ఏమో" అంటుంటే, "నాకు తెలియదు" అనడానికి నీకెందుకంత టెన్షన్?

అతను అడిగితే నీకు జరిగింది చెప్పు. ఫలానా రోజు ఇలా అయింది, నాకిలా అనిపించింది అని. "అది కాకతాళీయం" అంటాడు, అననీ. అతని వైపు నుంచి చూస్తే అలాగే ఉంటుంది. "శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు" అనే వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం పంపకు. వాటిలో సగం చూస్తే నాకే నవ్వొస్తుంది. అతని కోసం దణ్ణం పెట్టుకోవాలనుంటే పెట్టుకో, ఆ సంగతి అతనికి చెప్పకు.

ఫోన్ ఎత్తకపోతే నేరుగా వెళ్ళు. ముందు ఉద్యోగం సంగతి అడుగు. చెప్పినంతసేపూ విను. ఆ రోజు గొడవ తనే ఎత్తితే, "అప్పుడలా అనకుండా ఉండాల్సింది" అని ఊరుకో. వెనకాలే "కానీ" అని మొదలుపెట్టావో, నా దగ్గరికి మళ్ళీ ఉత్తరం రాయాల్సి వస్తుంది.

నీ
పెద్దమ్మ