బైపాస్ తర్వాత కిడ్నీ కోసం యూరిన్ టెస్ట్: మా నాన్న విషయంలో జరిగింది

మీ నాన్నగారికి వచ్చే వారం బైపాస్ అని, కిడ్నీ దెబ్బతింటే ముందే చెప్పే యూరిన్ టెస్ట్ ఉందట, దానికోసం పట్టుబట్టాలా అని అడిగారు. నాలుగేళ్ల కిందట ఇక్కడే, హైదరాబాద్‌లో, మా నాన్నకు ఇదే ఆపరేషన్ అయింది. టెస్ట్ గురించి తప్పకుండా అడగండి. కానీ పాజిటివ్ వస్తే వైద్యంలో ఏం మారుస్తారో కూడా అడగండి. అసలు సంగతి అక్కడుంది.

ఆపరేషన్‌కు ముందు నాన్న క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్త పరీక్షలో చూస్తారు; పెరిగితే కిడ్నీలు సరిగ్గా పనిచేయట్లేదని) 1.1. మర్నాడు పొద్దున 1.2. కిడ్నీలు బాగున్నాయని మలక్‌పేటలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. అప్పటికే రాత్రంతా యూరిన్ గంటకు 20 ఎంఎల్ దాటలేదు. కేజీ బరువుకు గంటకు కనీసం అర ఎంఎల్ రావాలట, నాన్న 68 కేజీలు, అంటే 34. రెండో రోజు సాయంత్రానికి క్రియాటినిన్ 2.3. ఐసీయూ బయట మెట్ల మీద కూలబడిపోయాను.

నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) మేడం ఓపిగ్గా చెప్పారు. కిడ్నీ దెబ్బతిన్న వెంటనే క్రియాటినిన్ పెరగదు, రక్తంలో పోగుపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పైగా ఆపరేషన్‌లో ఎక్కించే ద్రవాల వల్ల రక్తం పల్చబడి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఎన్‌గాల్ అనే ప్రొటీన్ అలా కాదు, దెబ్బ తగలగానే కిడ్నీ కణాల నుంచి యూరిన్‌లోకి వచ్చేస్తుంది. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో రెండు గంటలకే పెరిగిందని 2005లో అమెరికా డాక్టర్లు ప్రచురించారు. పెద్దవాళ్లలో అంత నమ్మకంగా చెప్పలేం, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. నెఫ్రోచెక్ అని ఇంకొకటి ఉంది, రెండు ప్రొటీన్లను కలిపి చూస్తుంది. 0.3 దాటితే జాగ్రత్త పడాలి.

నాకు బాగా గుర్తుండిపోయింది జర్మనీలో 2017లో వచ్చిన అధ్యయనం. గుండె ఆపరేషన్ తర్వాత ఈ రెండో టెస్ట్ ఎక్కువగా వచ్చినవాళ్లను రెండు గుంపులు చేశారు. మామూలు వైద్యం అందినవాళ్లలో నూటికి 72 మందికి కిడ్నీ దెబ్బతింది. బీపీ, ద్రవాలు, షుగర్ దగ్గరుండి చూస్తూ, కిడ్నీకి చెడు చేసే మందులు ఆపినవాళ్లలో 55 మందికే. కొత్త మందేమీ లేదు, ఆ జాగ్రత్తలే.

మా ఇంట్లో ఆ జాగ్రత్త ముందే తప్పింది. మోకాళ్ల నొప్పికి నాన్న మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే, కిడ్నీకి చెడు చేసే నొప్పి మాత్ర కొనుక్కుని నెలల తరబడి వేసుకున్నారు. డాక్టర్‌కి మేమెవరమూ చెప్పలేదు. డయాలసిస్ దాకా పోలేదు, తొమ్మిదో రోజుకు క్రియాటినిన్ 1.4కి దిగింది. ఆ వారం నేను పడ్డ టెన్షన్ మీకు వద్దు. ఈ రాత్రే నాన్నగారి మందుల డబ్బా తీసి, నొప్పి మాత్రలతో సహా అన్నీ ఒక కాగితం మీద రాసి సర్జన్‌కు ఇవ్వండి. యాంజియోగ్రామ్ ఎప్పుడు అయిందో కూడా రాయండి, అందులో రక్తనాళాల్లోకి ఎక్కించే డై వల్ల కూడా కిడ్నీ మీద భారం పడొచ్చు. ఆయన క్రియాటినిన్ ఎంతో, షుగర్ ఉందో లేదో ఇక్కడ చెబితే మేడం మమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఇంకొన్ని గుర్తు చేసుకుని రాస్తాను.