డౌరో ద్రాక్ష కోతలు చూడాలంటే పొగాకు వేలం నుంచే లెక్క మొదలెట్టండి

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. నాకు 58, మా ఆవిడకు 53. రెండు బ్యారన్ల (ఆకు కాల్చే కొట్టాల) పొగాకు వేస్తాం. వచ్చే ఏడాది సెప్టెంబరులో పోర్చుగల్‌లోని డౌరో లోయకెళ్లి, తీరిగ్గా ద్రాక్ష కోతలు చూడాలని ఉంది. పది రోజుల్లో నాలుగు దేశాలు చూపిస్తానని ఏజెంటు ఇద్దరికీ కలిపి రూ.7 లక్షలు చెప్పాడు. చేతిలో రూ.2 లక్షలున్నాయి. మిగతాదానికి బంగారం బ్యాంకులో పెట్టమంటారా?

జవాబు: వద్దు. పంట రుణం కింద బంగారం పెడితే వడ్డీ 7 శాతమే కదా అనిపిస్తుంది. కానీ అది సాగుకిచ్చే అప్పు. టూరుకు వాడేస్తే అక్టోబరు నాట్లకు ఎరువుల డబ్బు బయట వడ్డీకి తేవాల్సి వస్తుంది. మామూలు గోల్డ్ లోన్‌కైతే వడ్డీ ఇంకా ఎక్కువ.

ప్యాకేజీ కూడా మీరడిగిన దానికి పనికిరాదు. నాలుగు దేశాలంటే సగం పగళ్లు బస్సులోనే గడుస్తాయి. డౌరో నింపాదిగా చూడాల్సిన చోటు. 1756లోనే పోర్చుగల్ మంత్రి మార్క్విస్ ఆఫ్ పొంబాల్ హయాంలో ద్రాక్షసాగుకు హద్దులు గీసిన ప్రాంతమది. ఆ హద్దురాళ్లు గ్రానైట్‌వి. గ్రానైట్ గనుల చీమకుర్తి పక్కనుండే మీ చూపు వాటి మీద ఆగకుండా ఉండదు. పలకలు పలకలుగా ఊడే రాతి కొండల్ని మెట్లుగా చెక్కి తీగలు పెంచారు. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

సొంతంగా వెళ్తే 11 రోజులకు నా అంచనా ఇదీ. యూరో రేటు ఈరోజు ఎంతున్నా రూ.110 వేసుకోండి. చెన్నై నుంచి డౌరోకు దగ్గరి నగరం పోర్టోకు ఇద్దరి రానుపోను టికెట్లు రూ.1.7 లక్షలు. పది రాత్రుల బసకు 1,100 యూరోలు, తిండికి రోజుకు 60 చొప్పున 660, రైళ్లు, పడవ, వైన్ తోటల రుసుములకు 450, ఇద్దరి వీసా ఫీజు 180. మొత్తం 2,390 యూరోలు, అంటే దాదాపు రూ.2.63 లక్షలు. బీమా, వీసా కేంద్రం సర్వీసు చార్జీ, చెన్నై ప్రయాణం రూ.20 వేలు. అన్నీ కలిపి రూ.4.53 లక్షలు. పదో వంతు అదనంగా ఉంచుకుంటే రూ.5 లక్షలు. అంటే మీకు తక్కువపడేది రూ.3 లక్షలే.

దాన్ని వేలంలోనే తీయొచ్చు. ఉన్న రూ.2 లక్షలు జూన్ చివరిదాకా ఎఫ్‌డీలో వేయండి. మార్చి నుంచి బేళ్లు అమ్మిన ప్రతిసారీ, బ్యాంకు తన బాకీ కోసుకున్నాక, రూ.30 వేలు వేరే ఖాతాలోకి మార్చండి. పది అమ్మకాలతో సరిపోతుంది. ధర పడిపోయి అంత తీయలేకపోతే ప్రయాణం ఏడాది వాయిదా వేయండి, బంగారం వైపు మాత్రం చూడకండి.

ఇలా విడతలుగా కూడిన డబ్బు వీసాకూ మేలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: బావమరిది దగ్గర రూ.4 లక్షలు తెచ్చి దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో వేస్తారు. అధికారి స్టేట్‌మెంట్ తిరగేసి, ఈ డబ్బు ఎక్కడిదంటాడు. మీరు మాత్రం పొగాకు బోర్డు అమ్మకం బిల్లులు, పట్టాదారు పాసుపుస్తకం, 1బీ (భూమి హక్కుల నకలు) జత చేయండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా రిటర్ను వేయండి. ఆ ఆదాయం రూ.5,000 దాటితే ఐటీఆర్-1 ఫారం చెల్లదు, ఐటీఆర్-2 వేయాలి. పోర్చుగల్‌కు కావాల్సింది షెంజెన్ వీసా, అంటే చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చేది. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. మీరు జూలై మొదట్లో పెట్టండి. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోలేని టికెట్టు కొనకండి.

ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. ఏజెంటు చెప్పిన రూ.7 లక్షల్లో అది కలిసి ఉందో లేదో అడిగారా? రిటర్ను వేస్తేనే ఆ సొమ్ము వెనక్కొస్తుంది. సొంతంగా ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ నింపుకునే కార్డు) వేసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి రూ.10 లక్షల దాకా ఆ బాధ లేదు.

బస పోర్టోలో నాలుగు రాత్రులు, లోయలో ఆరు. కోతల వేళ లోయలోని పిన్యావ్ ఊళ్లో గదుల ధరలు మండిపోతాయి. లోయలోనే ఉన్న పెజో ద రెగ్వా పట్టణంలో దిగి, అరగంటలోపు రైలు ప్రయాణంతో పిన్యావ్ వెళ్లొచ్చు. పోర్టో నుంచి వెళ్లేటప్పుడు రైల్లో కుడివైపు కూర్చోండి, నది అటే. తోటల్లోకి ముందే బుక్ చేసుకోకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు, కోతల్లో వాళ్లకు తీరిక ఉండదు. రాతి తొట్లలో ద్రాక్షను కాళ్లతో తొక్కే తోట ఏదో అడిగి మరీ బుక్ చేసుకోండి. ఖర్చు పెట్టాల్సింది దానికే.

కార్డు మిషన్ రూపాయల్లోనా యూరోల్లోనా అనడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే రేటులో కోత పెడతారు. హోటల్లో అడక్కుండా తెచ్చిపెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కావు, ముట్టుకుంటే బిల్లులో పడతాయి. వద్దంటే తీసుకెళ్తారు. వచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల దాకా మద్యానికి సుంకం లేదు, అంటే తలా రెండు 750 మి.లీ. సీసాలు. అవి చెకిన్ సామానులోనే పెట్టాలి. తిరుగు టికెట్టు మాత్రం సెప్టెంబరు 22 దాటనివ్వకండి, నాట్ల పని మొదలయ్యేలోపు ఊళ్లో ఉండాలి కదా.