మంచు వాగులో వల పెట్టేముందు

చి. లహరికి ఆశీస్సులు.

ఆర్కిటిక్‌లో మన దేశపు పరిశోధనా కేంద్రం హిమాద్రికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. స్వెటర్ల సంగతి తను చూసుకుంటుంది, నేను పురుగుల సంగతి చెబుతా.

ఆ కేంద్రం ఉన్న ఊరు నీ-ఆలెసుండ్‌లో మొదటిసారి వాగులోంచి వల ఎత్తగానే ఏమీ పడలేదనిపిస్తుంది. మన చెరువులో గుప్పెడు నాచు తీస్తే తూనీగ పిల్లలు, నత్తలు, జలగలు దొరికిన చెయ్యి కదా! ఆ ఊరున్న నార్వే దీవులు, స్వాల్‌బార్డ్‌లో అసలు తూనీగే లేదు. 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం, చుట్టూ సముద్రం, మంచుయుగంలో నేలంతా దాదాపు మంచు కిందే. గాలికి కొట్టుకొచ్చో, పక్షులకు అంటుకునో తర్వాత చేరినవే ఇప్పుడున్నవి.

అందుకని తొందరపడి "సున్నా" అని రాయకు. రాయి పైకి తీసి, అడుగు భాగాన్ని తెల్ల పళ్లెంలో మెత్తటి బ్రష్‌తో కడుగు. రెండు నిమిషాలు ఆగితే దారపు పోగంత పురుగు మెలికలు తిరుగుతుంది. అదే డయమీసా, కుట్టని దోమ పిల్ల. హిమానీనదం నుంచి వాగు మొదలయ్యే దగ్గర, నీరు 2 డిగ్రీలు దాటని చోట దాదాపు దానిదే రాజ్యం.

తప్పంతా చలి మీద వేసెయ్యకు. ఆ వాగు నీళ్లు పిండి కలిపినట్టుంటాయి. వెలుగు అడుక్కి దిగదు, నాచు పట్టదు. మంచు జోరుగా కరిగినప్పుడు రాళ్లే దొర్లిపోతాయి. థర్మామీటర్ అంకెతో పాటు బురద, రాళ్ల కదలిక కూడా రాసుకో. చెరువు ఒడ్డుకెళ్తే కథ వేరు. ఇసుక రేణువులతో గూడు కట్టుకునే కాడిస్ పురుగు కనిపించొచ్చు. ఆ దీవులన్నిటికీ ఆ తెగలో ఒక్కటే జాతి. చేపల్లేని కుంటల్లో లెపిడ్యూరస్‌ని వెతుకు, వీపున డాలు మోసే రొయ్యలా ఉంటుంది. చలికాలం దాని గుడ్లే గడుపుతాయి. మంచు కరిగాక పుట్టి, పెరిగి, మళ్లీ గడ్డకట్టేలోపు గుడ్లు పెట్టేయాలి.

మంచు వెనక్కి తగ్గేకొద్దీ వాగులు వెచ్చబడి, కుదురుకుని, జాతుల లెక్క పెరగొచ్చు. దాన్ని శుభవార్తగా రాసేముందు, చల్లనీళ్లకే అలవాటుపడ్డ డయమీసాలు ఎన్ని మిగిలాయో చూడు.

నేను మొదటి ఏడాది చీటీలు పెన్నుతో రాశాను. ఇంటికొచ్చేసరికి ఆల్కహాల్‌లో సిరా కరిగిపోయి, ఏ సీసా ఏ వాగుదో తెలియలేదు. నువ్వు పెన్సిల్‌తో రాసి, చీటీ సీసా లోపలే వెయ్యి. తుపాకీ ఉన్న తోడు లేకుండా ఊరు దాటకు, ఎలుగుబంట్లతో వేళాకోళం కాదు.

మంచి బ్రష్‌లు రెండున్నాయి, అమ్మ చేతికిచ్చి పంపుతున్నా.

నీ మామయ్య