జులైలో బొంబాయి: ఈఎంఐ వద్దు, వాన డబ్బు వేరుగా పెట్టుకోండి

ప్రశ్న: మాది సిరిసిల్ల, ఉద్యోగం హైదరాబాద్‌లో. జీతం చేతికి 61,000 వస్తుంది. అద్దె, చిట్టీ, ఇంటి ఖర్చు పోను నెలకు 12,000 మిగులుతుంది. 90,000 ఎఫ్‌డీ ఉంది. మా తాత బొంబాయి మిల్లులో పనిచేసేవాడు. 1982 సమ్మె తర్వాత అందరూ ఊరికొచ్చేశారు. వానకాలంలో వర్లీ సముద్రం గోడ దాటి రోడ్డు మీద పడేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అమ్మను, నా భార్యను జులైలో ఒక శని, ఆదివారాలు తీసుకెళ్లాలని ఉంది. విమానం, కొలాబాలో రోజుకు 9,000 గది, అన్నీ కలిపి 52,000 అవుతోంది. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఈఎంఐ మాత్రం వద్దు.

మీ లెక్కలో ఒక పద్దు లేదు, వాన. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేంత వాన బొంబాయిలో ఒక్క జులైలోనే కురుస్తుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. అంతటి వాన అరుదే. కానీ ఏదో ఒక పూట లోకల్ రైళ్లు ఆగిపోవడం, విమానాలు రద్దవడం ఏటా చూస్తున్నదే. వాతావరణం బాగోలేక విమానం రద్దయితే టికెట్ డబ్బు వాపసిస్తారు, లేదా వేరే విమానంలో పంపుతారు. నష్టపరిహారం ఇవ్వరు. ఆ రోజు చేతిలో డబ్బుండాలి. మీ పద్ధతిలో వెళ్తే కార్డు పరిమితి అప్పటికే ఈఎంఐ కింద పోయి ఉంటుంది.

నో కాస్ట్ అంటే బ్యాంకు వేసే వడ్డీని అమ్మేవాళ్లు తగ్గింపుగా ఇస్తారంతే, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా మీరే కట్టాలి. ప్రయాణం రద్దు చేసుకున్నా ఈఎంఐ తనంతట తాను ఆగకపోవచ్చు, బ్యాంకు వెంట పడాలి.

రైల్లో వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే దాదర్‌లో దిగుతారు. ఆదివారం రాత్రి తిరుగు రైలు, సోమవారం సెలవు. థర్డ్ ఏసీ మనిషికి 1,200 అటూ ఇటూ, ముగ్గురికి రానూపోనూ 7,200. రైలు రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకపోతే, రైలు బయలుదేరేలోపు టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయండి, మొత్తం వస్తుంది.

గది శుక్రవారం రాత్రి నుంచే తీసుకోండి. మీరు దిగేది చీకట్లో, హోటలువాళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం. ఒకసారి నేను ఆ ఒక్క రాత్రి డబ్బు మిగులుతుంది కదా అని తడిసిన బ్యాగులతో అమ్మను వెయిటింగ్ హాల్లో నాలుగు గంటలు కూర్చోబెట్టాను. ఆమె చెప్పులు విప్పి చీరకొంగుతో కాళ్లు తుడుచుకోవడం ఇప్పటికీ నా కళ్లముందుంది. దయచేసి ఆ పొదుపు చేయకండి.

కొలాబా అక్కర్లేదు. అక్కడ ఉండి గేట్‌వే నుంచి ఎలిఫెంటా గుహలకు పడవెక్కుదామంటే జులై సముద్రంలో పడవలు నడుస్తాయన్న నమ్మకం లేదు. పైగా గది రోజుకు 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే మీ 9,000 గదికి రాత్రికి 1,620. దాదర్ పశ్చిమాన 4,500లో గది చూసుకుంటే పన్ను 5 శాతమే, 225. తూర్పున హింద్‌మాతా వైపు మాత్రం వద్దు, గట్టి వానొస్తే ముందు మునిగేది అక్కడే. నాలుగు వందలు ఎక్కువైనా చివరి నిమిషంలో రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి.

బాంద్రా, సయన్ దాటి దాదర్ వైపు ఆటోలు రావు. అమ్మగారికి టాక్సీ తప్పదు, రెండు రోజులకు 3,000 వేసుకోండి. తిండికి 5,000. రెండు రాత్రుల గది 9,450. రైలు ఛార్జీలతో కలిపి 24,650. దీనిపైన 10,000 వాన డబ్బు: ఇంకో రాత్రి గది, తత్కాల్ టికెట్లు, ఒక రోజు తిండి. మొత్తం 34,650.

ఏప్రిల్, మే, జూన్ జీతాల్లో మిగిలే 36,000తో ఇది సరిపోతుంది. ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. వాన డబ్బును వేరే ఖాతాలో ఉంచి, ఖర్చు కాకపోతే తిరిగొచ్చాక ఎఫ్‌డీలో కలిపేయండి.

తేదీ ఖాయం చేసేముందు ముంబై కార్పొరేషన్ ప్రకటించే సముద్రపు పోటు సమయాలు చూడండి. నాలుగున్నర మీటర్లు దాటిన పోటుకు గట్టి వాన తోడైతే కాలువల్లో నీళ్లు సముద్రంలోకి పోవు, ఊళ్లోనే నిలుస్తాయి. అందుకే అమావాస్య, పౌర్ణములకు ఆనుకుని ఉన్న శని, ఆదివారాలు వదిలేయండి. అమ్మగారు చెప్పిన అల మామూలు పోటులోనూ లేస్తుంది. గోడ దగ్గరికి వెళ్లకుండా రోడ్డు ఇవతల నిలబడే చూడండి.

ఇంకో ఏడాది ఆగుదాం అని మాత్రం అనుకోకండి. వర్లీలో బీడీడీ చాళ్లు, అంటే కార్మికులుండే పాత గదుల భవనాలు, కూల్చి టవర్లు కడుతున్నారు. ఆ చాళ్లకు నంబర్లుండేవి. మీ తాతగారి కుటుంబం ఉన్నది అక్కడే అయితే, ఏ నంబరో అమ్మగారిని అడిగి, బయలుదేరేముందే ఒక కాగితం మీద రాసుకోండి.