ఈ తరం వాళ్ళకు ఒళ్ళు వంగదన్న మాట నిజమేనా?

హనుమకొండలో ఏ అరుగు మీద కూర్చున్నా వినిపించే ఈ ఆరోపణకు ఆధారం మాత్రం బలహీనం. ఉద్యోగుల పనితీరును వాళ్ళు పుట్టిన తరాన్ని బట్టి అంచనా వేయడానికి పరిశోధనల మద్దతు లేదని అమెరికాలోని శాస్త్ర సలహా సంస్థ నేషనల్ అకాడమీస్ 2020 నివేదికలో తేల్చింది. తరం తేడాగా కనిపించేది చాలావరకు వయసు తేడా, లేదా కాలం తెచ్చిన మార్పు. ఇరవై రెండేళ్ళ కుర్రాడిని పోల్చాల్సింది అదే వయసులో తాతగారు ఎలా ఉండేవారన్న దానితో. అది ఆయనకే సరిగా గుర్తుండదు. ప్రోట్జ్‌కో, స్కూలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా చదివే అలవాటున్నవాళ్ళే 'నేటి పిల్లలు చదవరు' అని ఎక్కువగా నమ్మారు. ఇప్పటి తమ గుణాన్ని అప్పటి పిల్లలందరికీ అంటగట్టేస్తారన్నమాట!

మన దగ్గర నిజంగా మారింది పని దొరికే తీరు. 1934లో మొదలై ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు 2002లో మూతపడింది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండగా ఇప్పుడు సుమారు 40 వేల మంది. యంత్రాలు, ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి మరి. మిల్లు గేటు దగ్గర నిలబడితే పని దొరికిన రోజులు చూసినవారికి, ఏళ్ళ తరబడి పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్న మనవడు ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తాడు. కొత్తవాడలో జంపఖానా మగ్గం వదిలేసిన కొడుకునూ సోమరి అనేస్తారు. మగ్గం మీద వచ్చే కూలితో ఇల్లు గడుస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు.