బొరుసు మీద బొమ్మ, బంగారు దీనారం

సందేహం: రోమన్ నాణేలపై ఒక వ్యాసంలో "తిబేరియస్ దీనారం బంగారుది; దాని బొరుసుపై కూర్చున్న స్త్రీ బొమ్మ ఉంది" అని చదివాను. బొరుసుపై బొమ్మ ఉంటుందా? బంగారు నాణేన్ని దీనారం అనవచ్చునా?

సమాధానం: మొదటి ప్రయోగంలో తప్పు లేదు. నాణేన్ని ఎగరవేసి "బొమ్మా, బొరుసా" అని అడిగేటప్పుడు మాత్రమే బొమ్మ అనేది ఒక పక్కకు పేరు; తక్కిన చోట్ల దానికి చిత్రం, ప్రతిమ అనే అర్థాలే ఉన్నాయి. రోమన్ చక్రవర్తి తిబేరియస్ బంగారు నాణేల్లో ఎక్కువగా కనబడే రకాన్ని చూస్తే, ఒకవైపు లారెల్ ఆకుల దండ తలకు చుట్టుకున్న చక్రవర్తి ముఖం పక్కవాటుగానూ, దాని చుట్టూ అతడు దివ్యుడైన అగస్టస్ కుమారుడని తెలిపే అక్షరాలూ ఉంటాయి. రెండోవైపు ఒక చేత రాజదండం, మరో చేత కొమ్మ పట్టుకొని ఆసనంపై కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమె తిబేరియస్ తల్లి లివియా అని చాలామంది భావిస్తారు. రెండు పక్కలా బొమ్మలున్న ఇలాంటి నాణేలను వర్ణించేటప్పుడు ముందువైపు, వెనుకవైపు అంటే తికమక ఉండదు. పురోభాగం, పృష్ఠభాగం అనే వారున్నారు గాని, అంత బరువు అక్కరలేదని నా అభిప్రాయం.

రెండోది మాత్రం దిద్దుకోవలసిందే. రోమన్లకు దీనారియస్ వెండి నాణెం. బంగారు నాణెం పేరు ఆరియస్, దాని విలువ 25 దీనారియస్‌లు. తిబేరియస్ బంగారు నాణేన్ని దీనారం అనడం వరహాను రూపాయి అనడం వంటిది. అయితే ఆ రోమన్ మాట మన దేశానికి వచ్చాక బంగారానికి అంటుకుంది: గుప్తుల శాసనాల్లో దీనారమంటే బంగారు నాణెమే. కనుక గుప్తుల నాణేలను దీనారాలనడం నిర్దుష్టం. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనంలోనూ మహాదేవి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలు అనే నాణేలు దానమిచ్చినట్టు ఉంది. అక్కడి తవ్వకాల్లోనే తిబేరియస్ బంగారు నాణెమూ, మరో రోమన్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ భార్య ఫౌస్టినా పేరిట ముద్రించిన బంగారు నాణెమూ దొరికాయి. ఆ స్థలాన్ని గురించి రాసేవారు శాసనంలోని మాటను ఉన్నదున్నట్టు ఉంచి, దొరికిన ఆ రెండు నాణేలను ఆరియస్‌లనే పేర్కొనాలి.