ఎస్పెరాంతోలో తిండి మాటలు ఎక్కడివి?

ప్రశ్న: ఎస్పెరాంతో ఒక్కరే కూర్చిన భాష అంటారు. అందులో రొట్టె, పాలు, ఉప్పు వంటి మాటలను ఆయనే కల్పించారా, వేరే భాషల నుంచి తీసుకున్నారా?

జవాబు: కల్పించలేదు, ఏరుకున్నారు. ఎల్.ఎల్. జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో ఈ భాషను ప్రకటించినప్పుడు, ఐరోపాలో వీలైనంత ఎక్కువమంది గుర్తుపట్టగల మూలపదాలను తీసుకుని, నామవాచకాలన్నిటికీ చివర 'ఓ' చేర్చారు. రొట్టెకు 'పానో', పాలకు 'లాక్టో', ఉప్పుకు 'సాలో', గుడ్డుకు 'ఓవో' లాటిన్ సంతతివి. చీజ్‌కు వాడే 'ఫ్రొమాజో' ఫ్రెంచి మాట. పంది తొడమాంసానికి 'షింకో' జర్మన్ నుంచి వచ్చింది. రష్యన్, పోలిష్ భాషలు వినిపించే బియాలిస్తోక్‌లో పుట్టిన మనిషి స్లావిక్ మాటలను ఇంత తక్కువగా తీసుకోవడం కాస్త వింతగానే తోస్తుంది. జావకు 'కాచో', సాసేజ్‌కు 'కొల్బాసో' వంటివి మాత్రం ఆ వైపువి.

అయితే, మూలాల కన్నా ఆ మూలాలతో చేసిన పొదుపే ఎక్కువ ఆసక్తికరమని నా అభిప్రాయం. బంగాళాదుంపకు వాడే 'తెర్పోమో'ను చూడండి: 'తేరో' అంటే నేల, 'పోమో' అంటే యాపిల్. 'నేల యాపిల్' అనే ఈ ఊహ ఫ్రెంచివారిదే అయినా, ఆ రెండు మాటలూ తెలిసినవారికి ఇక్కడ మూడో మూలపదంతో పని లేదు. అలాగే, ఒకదానితో తయారైన పదార్థాన్ని తెలిపే 'అజో' అనే ప్రత్యయం ఉంది. గొర్రె 'షాఫో' అయితే దాని మాంసం 'షఫాజో', గుడ్డుతో చేసిన వంటకం 'ఒవాజో', తినడమనే 'మాంజీ' నుంచి ఆహారానికి 'మంజాజో'. ఇంగ్లిషులో గొర్రెకు ఒక పేరు, దాని మాంసానికి మరో పేరు నేర్చుకోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు. పాత్రను సూచించే 'ఊయో' చేరిస్తే ఉప్పుగిన్నె 'సలూయో', సూపుగిన్నె 'సుపూయో' అవుతాయి.

ప్రశ్న: మరి టీ, కాఫీ?

జవాబు: టీ 'తేఓ', కాఫీ 'కాఫో'. రష్యన్‌లో టీని 'చాయ్' అనీ, పోలిష్‌లో 'హెర్బాతా' అనీ అంటారు. జామెన్‌హోఫ్ ఆ రెంటినీ పక్కనపెట్టి ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లిషు మాటలకు దగ్గరైనదాన్ని ఎంచుకున్నారు; ఆ మాట దక్షిణ చైనా తీరంలోని మిన్ మాండలికపు 'తే' నుంచి ఐరోపాకు చేరింది. 'కాఫో' మూలం అరబ్బీ 'ఖహ్వా'. అది తుర్కీ మీదుగా ఐరోపా భాషలన్నిటా పాకింది కాబట్టి ఎంపిక సులువైంది. అనేక భాషలు ఒకే మూలం నుంచి తీసుకున్న పదాలను ఎస్పెరాంతో వర్ణక్రమంలోకి మార్చి వాడుకోవచ్చని ఆ భాష 16 వ్యాకరణ నియమాల్లో 15వది చెబుతుంది.